బిడ్డకు శిక్షాగురువును ఎన్నుకొనుట

వీరశైవ ధర్మమున గురువుది ప్రథమ స్థానము. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను అష్టావరణములలో గురువే మొదట పేర్కొనబడినాడు. ఆ గురువును పెద్దలు మూడు విధములుగా చెప్పిరి. ఇష్టలింగమును అనుగ్రహించువాడు దీక్షాగురువు. విద్యను, నడవడిని నేర్పువాడు శిక్షాగురువు. బంధముల నుండి విడిపించు జ్ఞానము నొసగువాడు మోక్షగురువు. దీక్షాగురువు విషయమున కుటుంబమునకు మఠ సంప్రదాయము దారి చూపుచున్నది. శిక్షాగురువు విషయమున మాత్రము, అందునను పాఠశాల ముగిసిన పిమ్మట సాయంకాలము చదువు చెప్పు ట్యూషన్ గురువు విషయమున, తల్లిదండ్రులు తరచుగా ఇరుగుపొరుగు మాట మీదనే ఆధారపడుచున్నారు. పక్కింటి పిల్లవాడు అక్కడికి పోవుచున్నాడు అనునదే అనేక గృహములలో ఎంపికకు కారణమగుచున్నది.

ఇందువలన నష్టపోవువారు బిడ్డలే. అనవసరముగ చెల్లించిన రుసుమును మరల సంపాదించుకొనవచ్చును. కాని తగని గురువు వద్ద ఒక సంవత్సరము గడిపిన బిడ్డ, తనకు చదువు రాదు అను నిశ్చయమునకు వచ్చినచో, ఆ మాటను ఆ లేత మనస్సు నుండి తొలగించుట మిక్కిలి కష్టము. కావున శిక్షాగురువును ఎట్లు పరీక్షింపవలెను, ఏమి అడుగవలెను, ఎప్పుడు మాన్పింపవలెను అను విషయములను బసవేశ్వరుని బోధల వెలుగులో విచారించుట ఈ పాఠము యొక్క ఉద్దేశ్యము.

విరిచి చూచుట

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు ప్రాంతము పసుపునకు ప్రసిద్ధి. పసుపు రకములలో ఒకదానికి ఈ ఊరి పేరే కలదు. జూన్ మాసమున నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో ఉండి, జనవరి మొదలు మార్చి వరకు త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన దుంపలను ఉడికించి, పది పదిహేను దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పి మెరుగుపెట్టుదురు. మెరుగుపెట్టిన పిమ్మట పసుపు పైకి ఇంచుమించు ఒక్క తీరుగనే కనబడును. అందుకే కొనువాడు కొమ్మును విరిచి చూచును. బాగుగ ఎండిన కొమ్ము ఖంగుమని విరుగును. లోపలి రంగు నిండుగ ఉండును. సరిగ ఉడకనిది, ఎండనిది విరిచినంతనే బయటపడును.

తన పంటను ఇట్టి పరీక్షకు పెట్టు రైతు, తన బిడ్డను అప్పగించు చోటును మాత్రము బోర్డును చూచి, గోడమీది మార్కుల ఫోటోలను చూచి నమ్ముట తగదు. ఫోటోలలోని బిడ్డలు మొదటినుండియు చురుకైనవారు కావచ్చును. వెనుకబడిన బిడ్డను ఆ గురువు ఎంతవరకు ముందుకు తెచ్చెను అనునదే విరిచి చూడవలసిన విషయము.

మొదటి విచారము: ట్యూషన్ అవసరమా?

దేశమున ట్యూషన్ నానాటికి పెరుగుచున్నది. గ్రామీణ భారతమున 1వ తరగతి నుండి 8వ తరగతి వరకు చదువు బిడ్డలలో రుసుము చెల్లించి ట్యూషన్‌కు పోవువారు 2018లో 26.4 శాతము, 2022లో 30.5 శాతము అని అసర్ నివేదిక తెల్పినది. అందరును పోవుచున్నారు అనునది కారణము కాజాలదు. బిడ్డకు ఏది రాకున్నది, ఎందుకు రాకున్నది అని ముందుగా తెలిసికొనవలెను.

ఆర్మూరు పరిసరములలో కనబడు ఒక గృహమును ఉదాహరణముగా ఊహింపవచ్చును. తండ్రి గల్ఫ్ దేశమున కూలిపని చేయుచున్నాడు. తల్లి బీడీలు చుట్టును. తాతకు ఎకరము పసుపు చేను కలదు. కుమార్తె ప్రభుత్వ పాఠశాలలో ఎనిమిదవ తరగతి. లెక్కలలో మార్కులు రాలేదు. లెక్కల ట్యూషన్ పెట్టవలెనని ఇంట ఆలోచన. తల్లి ఐదవ తరగతి వరకు చదివినది. ఒక సాయంకాలము ఆమె కుమార్తెను పుస్తకములోని లెక్కను చేయుమనెను. ఇంగ్లీషు పుటలోని లెక్కను చదివి బాలిక ఆగిపోయెను. అదే తీరు లెక్కను తల్లి తెలుగున చెప్పెను: ఒక క్వింటాలు పచ్చి పసుపు ఎండినపుడు 20 కిలోలు అగునెడల, 15 క్వింటాళ్లు ఎండినచో ఎంత? బాలిక క్షణములో 300 కిలోలు, అనగా మూడు క్వింటాళ్లు అని చెప్పెను. ఆ బిడ్డకు లెక్కలు వచ్చును. లెక్కను చెప్పిన భాష రాదు. ఆమెకు లెక్కల ట్యూషన్ పెట్టినచో రుసుము పోవును, లోపము అట్లే నిలుచును.

ఈ ఉదాహరణము ఊరక చెప్పినది కాదు. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యా సంవత్సరము నుండి 1 మొదలు 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టిరి. ఒక పుట ఇంగ్లీషు, దాని యెదుటి పుట తెలుగు ఉండు ద్విభాషా పాఠ్యపుస్తకములను ఇచ్చిరి. తెలుగు చదువ నేర్చిన తల్లి గాని, తాత గాని ఆ రెండు పుటల సాయముతో బిడ్డ లోపము భాషలో ఉన్నదో, విషయములో ఉన్నదో కొంతవరకు తేల్చుకొనవచ్చును.

మరియొక సంగతి కలదు. నల్లబల్ల మీది అక్షరములు కనబడక వెనుకబడు బిడ్డలు, చెవి సరిగ వినబడక వెనుకబడు బిడ్డలు ఉందురు. అట్టివారికి కావలసినది వైద్యుడు గాని ట్యూషన్ గురువు కాదు. కావున కంటిని, చెవిని పరీక్ష చేయించుట, తరగతి ఉపాధ్యాయుని కలిసి మాట్లాడుట ముందుగా జరుగవలెను. ఈ రెండును జరిగిన పిమ్మట కూడ లోపము మిగిలియున్నచో అప్పుడు శిక్షాగురువును వెదకవలెను.

గురువునందు చూడవలసిన గుణములు

మొదటిది, తెలిసిన భాషలో చెప్పగల శక్తి. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడును, శరణులును తమ అనుభవమును సంస్కృతమున గాక ప్రజలు మాటలాడు కన్నడమున వచనములుగా పలికిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెలుగున, సామాన్యులు పాడుకొనదగిన ద్విపదలో రచించెను. గొప్ప విషయమును సులభమైన మాటలో చెప్పుట చిన్నతనము కాదని వారి మార్గము తెల్పుచున్నది. ఇంగ్లీషు మాధ్యమపు బిడ్డకు కూడ, విషయమును ముందు తెలుగున అర్థము చేయించి, పిమ్మట ఇంగ్లీషున వ్రాయించు గురువు, ఇంగ్లీషు పుస్తకమును చదివి వినిపించి వదలు గురువు కంటె మేలైనవాడు.

రెండవది, ప్రశ్నకు చోటిచ్చు స్వభావము. బసవపురాణము ప్రకారము బాల బసవడు ఉపనయనమును అంగీకరింపక తండ్రితోనే వాదించెను. అనుభవ మంటపమునకు వచ్చిన అక్కమహాదేవిని అల్లమ ప్రభువు కఠినమైన ప్రశ్నలడిగెను. ఆమె సభలో నిలిచి ఒక్కొక్కదానికి ఉత్తరమిచ్చెను. వీరశైవమున అడుగుట అవిధేయత కాదు. అడిగించుకొనుట అవమానము కాదు. బిడ్డ రెండవసారి అడిగినపుడు విసుగుకొను గురువు వద్ద బిడ్డ మూడవసారి అడుగడు. అర్థమైనట్లు తల ఊపుట నేర్చుకొనును.

మూడవది, సమదృష్టి. అనుభవ మంటపమున చాకలి వృత్తివాడగు మడివాళ మాచయ్య, పడవ నడుపు అంబిగర చౌడయ్య, స్త్రీయైన అక్కమహాదేవి ఒకే సభలో మాటలాడిరి. బాలురను ముందు కూర్చుండబెట్టి బాలికలను వెనుక కూర్చుండబెట్టు చోటు, రుసుము ఆలస్యమైన బిడ్డను అందరిలో నిలువబెట్టు చోటు, కులమును అడుగు చోటు శరణుల దారికి దూరము. అట్టి చోట మార్కులు వచ్చినను బిడ్డ నేర్చుకొను మొదటి పాఠము చెడ్డది.

నాల్గవది, మాటకు నడతకు పొందిక. పలికినదానిని నడతలో చూపుట బసవ మార్గమునకు ప్రాణము. ఆరు గంటలకు అని చెప్పి ఏడింటికి వచ్చు గురువు, సెల్‌ఫోను చూచుచు పిల్లలను ఫోను ముట్టవద్దను గురువు తన పాఠమును తానే చెరుపుచున్నాడు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము 28వ సెక్షను ప్రకారము పాఠశాల ఉపాధ్యాయుడు ప్రైవేటు ట్యూషన్ చెప్పరాదు. బిడ్డ తరగతి గురువునే ఇంటికి పిలిచి చెప్పించుకొనవలెనను కోరిక అనేకులకు ఉండును. అది చట్టమునకు విరుద్ధము, న్యాయమునకును విరుద్ధము. తరగతిలో చెప్పవలసినదానిని సాయంకాలమునకు దాచుకొను అవకాశము అక్కడ పుట్టును. రుసుము ఇయ్యలేని బిడ్డ అందువలన నష్టపోవును.

అదే చట్టము 17వ సెక్షను పాఠశాలలో బిడ్డను కొట్టుటను, మనస్సును హింసించుటను నిషేధించుచున్నది. ట్యూషన్‌లో కూడ తల్లిదండ్రులు ఇదే నియమమును కోరవలెను. రెండు దెబ్బలు వేసియైనను చదివించుడని బిడ్డ యెదుట గురువునకు చెప్పు పెద్దలు, తమకు తెలియకయే బిడ్డకు రక్షణ లేకుండ చేయుచున్నారు.

పెద్ద కోచింగ్ కేంద్రముల విషయమై కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ 2024 జనవరిలో మార్గదర్శకములను వెలువరించినది. 50 మందికి మించి విద్యార్థులు గల కేంద్రములకు అవి ఉద్దేశింపబడినవి. 16 సంవత్సరముల లోపు బిడ్డలను చేర్చుకొనరాదు. ర్యాంకులకు, మార్కులకు హామీ ఇయ్యరాదు. బోధించువారు కనీసము పట్టభద్రులై యుండవలెను. రుసుమునకు రసీదు ఇయ్యవలెను. విద్యార్థి మధ్యలో మానినచో మిగిలిన కాలపు రుసుమును పది దినములలో తిరిగి ఇయ్యవలెను అని వానిలో కలదు. ఇంటి అరుగు మీద పదిమందికి చెప్పు గురువునకు ఇవి వర్తింపకపోయినను, ఏది ధర్మమో తెలిసికొనుటకు తల్లిదండ్రులకు ఒక కొలతగా ఉపయోగపడును.

బిడ్డ భద్రతకు సంబంధించిన కొన్ని నియమములలో మొగమోటము పనికిరాదు. చదువు చెప్పు గది తలుపు తెరచి యుండవలెను. ఇంటికి వచ్చి చెప్పు గురువైనచో ఆ సమయమున పెద్దవారు ఒకరు ఇంట ఉండవలెను. చీకటి పడక మునుపే బిడ్డ ఇల్లు చేరునట్లు వేళ కుదుర్చుకొనవలెను. ఫలానా చోటికి పోనని బిడ్డ హఠాత్తుగ మొరాయించినచో, సోమరితనమని కోపింపక, ఏమి జరిగినదని నెమ్మదిగ అడుగవలెను. బిడ్డలపై లైంగిక నేరములకు 2012 నాటి పోక్సో చట్టము కఠిన శిక్షలు విధించుచున్నది. ఆపదలోనున్న బిడ్డల కొరకు 1098 అను ఉచిత ఫోను సంఖ్య కలదు.

వారము రోజుల పరీక్ష

గురువును కలిసినపుడు తల్లి గాని తండ్రి గాని సంకోచింపక ఒక ప్రశ్న అడుగవలెను: "సార్, మా బిడ్డ లెక్క తప్పు చేస్తే మీరేం చేస్తరు?" ఉత్తరమును శ్రద్ధగ వినవలెను. "చూడమ్మా, ముందు ఆ లెక్క ఎట్ల చేసిందో ఆమెనే అడుగుత. ఎక్కడ తప్పిందో అప్పుడు తెలుస్తది" అను గురువు చదువు చెప్పుట తెలిసినవాడు. పదిసార్లు వ్రాయింతునని చెప్పు గురువు చేతికి పని కల్పించును గాని బుద్ధికి కాదు.

పిమ్మట ఒక వారము బిడ్డను పంపి చూడవలెను. ఎంతమంది పిల్లలు ఉన్నారు, వేరువేరు తరగతులవారిని ఒకచోట కూర్చుండబెట్టినారా, గురువు ఒక్కొక్క బిడ్డ పుస్తకమును చూచుచున్నాడా, తప్పును దిద్దిన గుర్తులు కలవా అని గమనింపవలెను. దిద్దిన గుర్తులు లేని పుస్తకము, ఎంత నిండియున్నను, నకలు వ్రాసిన పుస్తకమే.

చదువురాని తల్లిదండ్రులు తాము ఏమి పరీక్షింపగలమని అధైర్యపడ పనిలేదు. వారి చేతిలో మంచి పరీక్ష ఒకటి కలదు. రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డను ఆనాటి పాఠమును నాయనమ్మకు చెప్పుమనవలెను. వర్షము ఎట్లు కురియును, భిన్నములను ఎట్లు కూడవలెను అని ఇంటి మాటలలో బిడ్డ చెప్పగలిగినచో గురువు చెప్పినది లోనికి పోయినది. చెప్పలేక పుస్తకపు వాక్యమునే అప్పగించినచో అది నోటికి మాత్రమే వచ్చినది. ఒకటి రెండు దినములు అట్లయినచో పరవాలేదు. వారమంతయు అదే అయినచో ఆ గురువు ఆ బిడ్డకు తగడు.

రుసుము: కాయకపు న్యాయము

చదువు చెప్పుట కాయకము. కాయకమునకు తగిన ప్రతిఫలము ఇచ్చుట ధర్మము. గురువు రుసుమును నెలల తరబడి నిలిపి, పండుగకు బట్టలు పెట్టి సరిపుచ్చుట న్యాయము కాదు. అట్లే కాయకమునకు మించినది కోరుటయు ధర్మము కాదు. ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని వాకిట రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చుట తన కాయకముగ చేసికొనెను. ఒకనాడు నిత్యము కంటె ఎక్కువ బియ్యము తెచ్చినపుడు ఆయన భార్య లక్కమ్మ దానిని అంగీకరింపక, అధికమైనదానిని అక్కడనే పోసి రమ్మని పంపెను. రుసుము ఇచ్చువారును, తీసికొనువారును గుర్తుంచుకొనవలసిన కథ ఇది.

పసుపు పండించు గృహములో ధనము సంవత్సరమంతయు ఒక్క తీరుగ ఉండదు. పంట అమ్మిన పిమ్మట, వేసవిలో చేతికి సొమ్ము వచ్చును. జూన్‌లో పాఠశాల తెరచునాటికి విత్తనము, ఎరువు, కూలి ఖర్చులు మీదపడును. సరిగ ఆ సమయముననే సంవత్సరపు రుసుమంతయు ఒక్కసారి చెల్లించినచో తగ్గింపు ఇత్తుమని కొందరు చెప్పుదురు. ఆ తగ్గింపు కొరకు వడ్డీకి అప్పు తెచ్చుట నష్టము. బిడ్డకు ఆ చోటు పొసగదని తెలిసినను, సొమ్ము ఇచ్చితిమి గదా అని అక్కడనే ఉంచుట అంతకంటె నష్టము. నెల నెలకు చెల్లించు ఏర్పాటే కుటుంబమునకు క్షేమము.

పసుపు కాలము, పరీక్షల కాలము

ఆర్మూరు ప్రాంతపు బిడ్డలకు ఒక ప్రత్యేకమైన కష్టము కలదు. పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టు కాలమును, పదవ తరగతి పరీక్షలకు సిద్ధపడు కాలమును ఒకటే. ఇంటిల్లిపాది చేనులో, కళ్లములో ఉండు దినములలో పెద్ద బిడ్డ తమ్ముళ్లను చూచుకొనుటకు, అన్నము తీసికొనిపోవుటకు, రాత్రి కావలికి నిలువవలసి వచ్చును. ట్యూషన్‌కు సంవత్సరమంతయు రుసుము కట్టి, ఆ మూడు నెలలు బిడ్డను పనికి పిలుచుట నీరు పోసిన చేనును కోతవేళ విడిచినట్లగును. కావున గురువును కుదుర్చుకొనునపుడే ఈ సంగతిని చెప్పి, కఠినమైన పాఠములు డిసెంబరు లోపల ముగియునట్లు, పిమ్మటి మాసములలో పునశ్చరణ మాత్రము జరుగునట్లు కోరవలెను. దీనిని విని వేళను సర్దుబాటు చేయు గురువు ఆ ఊరి బిడ్డలను ఎరిగినవాడు.

వేళ విషయమున అతి కూడ దోషమే. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో ట్యూషన్ కేంద్రములు రాత్రి 10 గంటలకు మూయవలెనని నియమము పెట్టవలసి వచ్చినది. నిద్రను, ఆటను హరించు చదువు ఎచ్చటనైనను బిడ్డకు మేలు కాదు.

మాన్పించు వేళ

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1984లో ఒక వ్యాసమున, ఒక్కొక్క బిడ్డకు విడిగా చెప్పి, తరచు పరీక్షించి, తప్పులు దిద్దినచో సామాన్యమైన బిడ్డ కూడ తరగతిలోని అధికుల కంటె ముందుకు పోవునని చూపెను. తరువాతి పరిశోధనలలో ఆ ఫలితము అంత అధికముగ కనబడలేదు గాని, తప్పును వెంటనే గుర్తించి దిద్దుటలో మేలున్నదను మాట నిలిచినది. కావున మూడు నెలలకు ఒకసారి లెక్క చూచుకొనవలెను. చేరిననాడు రానిది ఏది, నేడు వచ్చినది ఏది అని గురువును, బిడ్డను కూర్చుండబెట్టి అడుగవలెను. ఏమియు మారనిచో మార్చవలెను. లోపము తీరినచో కృతజ్ఞతతో మాన్పింపవలెను.

తీరిన పిమ్మట కూడ అలవాటుగ కొనసాగించుట కొందరికి గౌరవముగ తోచును. శరణుల దృష్టిలో గురువు చేయు పని శిష్యునిలోని అరివును, అనగా ఎరుకను, మేల్కొల్పుట. ఆ ఎరుక మేల్కొన్న పిమ్మట అదే లోపలి గురువై దారి చూపును. తనంతట తాను పుస్తకము తెరచి, తెలియనిచోట గుర్తు పెట్టుకొని, మరునాడు తరగతిలో అడుగగల బిడ్డకు ట్యూషన్ గురువు పని ముగిసినది. బిడ్డకు ఇక నా అవసరము లేదని తానే చెప్పు గురువు దొరికినచో, తరువాతి బిడ్డకు మరియొకరిని వెదకనక్కరలేదు.

దాసోహమునకు ఒక గంట

రుసుము ఇయ్యలేని గృహములు ఉండును. కాయకము వలన కలిగినదానిని పదిమందితో పంచుకొనుట దాసోహము. అది అన్నమునకే పరిమితము కాదు. సమాజమున డిగ్రీ చదివిన యువతీయువకులు, విశ్రాంత ఉపాధ్యాయులు ఊరూర కలరు. మఠమున గాని, సంఘ భవనమున గాని వారమునకు రెండు సాయంకాలములు, ఒక్కొక్క గంట, తలుపు తెరచి, దీపము వెలిగించి, ఏ కులపు బిడ్డ వచ్చినను కూర్చుండబెట్టి చదువు చెప్పినచో అది విద్యాదాసోహమగును. అచ్చట చెప్పువారికిని పైన చెప్పిన పరీక్షలన్నియు వర్తించును. ఉచితము గదా అని బిడ్డను ఎట్టివారికైనను అప్పగింపరాదు.

మననమునకు ప్రశ్నలు

1. బిడ్డ వెనుకబడినది విషయములోనా, భాషలోనా, కంటిచూపు వలననా? దానిని ఎట్లు తేల్చుకొంటిరి?

2. ఇప్పటి ట్యూషన్ గురువును ఎన్నుకొనుటకు కారణము పరీక్షయా, పక్కింటి మాటయా?

3. ఈ వారము బిడ్డ నేర్చిన ఒక పాఠమును ఇంటి మాటలలో చెప్పగలిగెనా?

4. గురువు బిడ్డను కొట్టుటను గాని, హేళన చేయుటను గాని ఇంటివారు సమర్థించిరా?

5. రాబోవు పసుపు త్రవ్వకపు దినములలో బిడ్డ చదువునకు ఏ వేళ, ఏ చోటు కేటాయింపబడినది?